కత్తియుద్ధాలు కాస్త తగ్గించు

తమ్ముడికి ఆశీస్సులు.

మధ్యయుగపు ఇంగ్లండు యోధుడు విలియం మార్షల్ మీద నువ్వు రాస్తున్న నవల చదివాను. యుద్ధాలు హుషారుగా వచ్చాయి. కానీ అతనికి సెంటు భూమి లేదన్న సంగతే నీ రాతలో ఎక్కడా కనపడలేదు. తండ్రికి నాలుగో కొడుకు. ఆస్తి పెద్దవాళ్లకి పోయే కాలం. అందుకే నార్మండీలో బంధువుల ఇంట పెరిగి, కత్తి నేర్చుకుని, టోర్నమెంట్లలో, అంటే యోధుల పందెపు పోరాటాల్లో, ఓడినవాళ్లని పట్టుకుని సొమ్ము, గుర్రాలు వసూలు చేసేవాడు. ఓ స్నేహితుడితో కలిసి పది నెలల్లో 103 మందిని పట్టాడని లెక్క. నువ్వు దాన్ని శౌర్యం అన్నావు. కాదనను, కానీ అతనికి అదే బతుకుతెరువు.

1152 ఘట్టం మాత్రం వదులుకోకు. తండ్రి జాన్ ఐదేళ్ల పిల్లాణ్ణి ఇంగ్లండు రాజు స్టీఫెన్ దగ్గర బందీగా ఉంచి మాట తప్పాడు. పిల్లాణ్ణి ఉరి తీస్తామంటే, ఇంతకన్నా మంచి కొడుకుల్ని చేసే సుత్తీ దాగలీ తన దగ్గరున్నాయన్నాడట. రాజుకే మనసొప్పక వదిలేశాడు. ఆ 'అట' ఎక్కడిదో చూడు. విలియం పోయాక పెద్దకొడుకు రాయించిన ఫ్రెంచి కావ్యం, సుమారు 19,000 పాదాలు. సొంత తాత గురించి అంత మాటను మనవడు కొట్టేయించలేదు! సిగ్గుపడలేదా, గర్వపడ్డాడా? నన్నడిగితే నీ నవల ఈ ప్రశ్నలోనే ఉంది.

ఇక అతని భార్య ఇసబెల్. ఆమెకి నువ్విచ్చింది ఒక్క వాక్యం. 1189లో పెళ్లి, అతనికి నలభై దాటాయి, ఆమెకి ఇరవై లోపే. ఐర్లండులోని లెన్‌స్టర్ ఆమె తల్లి ఈఫా పుట్టింటి రాజ్యం. మార్షల్ పెద్ద జమీందారైంది ఈ పెళ్లితోనే. 1207లో అప్పటి ఇంగ్లండు రాజు (ఈయన పేరూ జానే) పిలిస్తే వెళ్తూ, గర్భవతి అయిన భార్యని తన మనుషుల ముందు నిలబెట్టి, ఈమె మీ ప్రభువు కూతురు, నాకున్నదంతా ఈమె వల్ల వచ్చిందే అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆ సభని ఆమె వైపు నుంచి రాయి. ఆమె ఏమందో కావ్యంలో లేదు కాబట్టి నీకు బోలెడు చోటుంది.

1217 లింకన్ యుద్ధంలో డెబ్బై ఏళ్ల ముసలాయన గుర్రమెక్కడం బాగుంది, సగానికి తగ్గించు.

1219లో మార్షల్ సమాధితో ముగించావు. అక్కడ ఆపకు. ఐదుగురు కొడుకులు, ఒకరి తర్వాత ఒకరు వారసులు లేకుండా పోయారు. గిల్బర్ట్ 1241లో టోర్నమెంటులోనే చనిపోయాడు, చివరి ఇద్దరూ 1245లో వారాల తేడాతో. ఓ బిషప్ పెట్టిన శాపం తగిలిందన్నారు జనం. వాడుకో, కానీ దాన్నే కారణం చేసి చేతులు దులుపుకోకు. భూములన్నీ ఐదుగురు కూతుళ్ల కుటుంబాలకి చీలిపోయాయి: ఐర్లండులోని కార్లో మటిల్డా వైపుకి, కిల్కెన్నీ తల్లి పేరే పెట్టుకున్న చిన్న ఇసబెల్ వైపుకి, వెక్స్‌ఫర్డ్ జోన్ వైపుకి. ఈ పంపకాల అధ్యాయం ముందు రాసి పంపు. టోర్నమెంట్లు ఎన్ని ఉంచాలో దాన్ని చూశాక మాట్లాడదాం.

మీ అన్నయ్య