షిఫ్టు డ్యూటీ మానేసి సాఫ్ట్‌వేర్‌కు వెళ్తానంటున్నాడు

ప్రశ్న: మాది రాయగడ. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి దగ్గర్లోని కాగితం మిల్లులో చేరాడు. వారానికో షిఫ్టు మారుతుంటే నిద్ర లేదు, పండగ లేదు, మానేస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరితే టైమ్ తన చేతిలో ఉంటుందట. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మీవాడిది బద్ధకం అనుకోకండి. రాత్రి పదింటికి ఎక్కి పొద్దున ఆరింటికి దిగిన మనిషికి పట్టపగలు నిద్ర పట్టడం కష్టమే. అయితే ఉద్యోగాన్ని గంటలు లెక్కపెట్టి మాత్రమే చూడకూడదు. డ్యూటీ దిగాక పని మన వెంట ఇంటికొస్తుందా అన్నది కూడా చూడాలి.

రాత్రయిందని కాగితం మెషీన్ ఆపరు. ఆవిరితో కాగే సిలిండర్ల మీద తడి కాగితం ఆరుతూ పరుగెడుతూనే ఉంటుంది. అందుకే అక్కడ టైమ్ మెషీన్‌ది. కానీ ఏ పంపు మోత చేస్తోందో, ఏ బేరింగ్ వేడెక్కిందో లాగ్‌బుక్‌లో రాసి, తర్వాతి షిఫ్టుకు వచ్చే రిలీవర్‌కు అప్పగించాక మీవాడికి టెన్షన్ ఉండదు. రిలీవర్ రాకపోవడంతో డ్యూటీలోనే ఉండిపోవాల్సి వచ్చినా, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో సైరన్ ఉండదు, రిలీవరూ ఉండడు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడి క్లయింట్ దొరికితే మీటింగులు మన భోజనాల వేళకే. అన్ని ప్రాజెక్టులూ ఇలా ఉండవు. కానీ టైమ్ తన చేతిలో ఉంటుందని మాత్రం వెళ్లొద్దు. ఆ పని మీద ఇష్టముంటే వెళ్లమనండి. ఇంటర్వ్యూలో ఏ దేశం క్లయింట్, ఆన్‌కాల్, అంటే డ్యూటీ వేళ కాకున్నా పిలిస్తే పనికి దిగాల్సి రావడం, ఉంటుందా అని మొహమాటం లేకుండా అడగాలి.

డొనాల్డ్ రాయ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక ఫ్యాక్టరీలో తానే మెషీన్ నడిపి, 1959లో ఆ అనుభవం రాశాడు. అక్కడ రోజూ ఒకడు తోటివాడి అరటిపండు కొట్టేసేవాడు. విసుగు పుట్టించే పనిని అలాంటి అల్లరితోనే వాళ్లు ముక్కలు చేసుకుని, రోజు గడుపుకునేవారు. మన దగ్గరా సీనియర్లు ఇలాంటి దారులే వెతుక్కుంటారు. మజ్జి గౌరమ్మ చైత్ర పండగకు ఒకరు, సంక్రాంతికి ఇంకొకరు, సూపర్‌వైజర్‌కు చెప్పి షిఫ్టులు మార్చుకుంటారు. కొత్తవాడు నోరు తెరిచి అడగడు, అదే చిక్కు. అడగమనండి. స్టోర్స్‌లోనో క్వాలిటీ ల్యాబ్‌లోనో పగలు మాత్రమే ఉండే జనరల్ షిఫ్టు ఖాళీ ఉందేమో కూడా కనుక్కోమనండి.

ఈలోగా నైట్ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండింటి దాకా వాడిని ఎవరూ లేపకుండా చూడండి. ఫోన్ కూడా మీ దగ్గరే పెట్టుకోండి.