ఎవరు ఎవరికి చీవాట్లు పెట్టొచ్చు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ చదివాను. తండ్రీకొడుకుల గొడవ పట్టుగా సాగింది. కానీ కొడుకు ఎదురుతిరిగే ఘట్టంలో నాకు అడ్డం పడిన మాటలు రెండున్నాయి. "తండ్రిపై నిప్పులు చెరిగాడు" అన్నావు, రెండు పేరాల తర్వాత "ధ్వజమెత్తాడు" అన్నావు. రోజూ వార్తల హెడింగుల్లో చూసే మాటలు కాబట్టి చేతికి సులువుగా దొరికి ఉంటాయి. అవి చదవగానే నాకు ఇల్లు మాయమై ప్రెస్ మీట్ కనిపించింది. ధ్వజమెత్తేవాడి వెనక కొంత జనం ఉండాలి, ఎదురుగా ఒక అధికారం ఉండాలి. గొంతు పూడుకుపోతూ కన్నతండ్రితో మాట్లాడే కుర్రాడికి ఆ మాట అతకదు.

కోపంగా, ఏకబిగిన మాట్లాడటానికి తెలుగులో మాటలకు కొరత లేదు. వాటిని పర్యాయపదాలనుకుని ఒకదాని బదులు ఒకటి వాడితేనే చిక్కు. ప్రతి మాటా ఆ ఇద్దరిలో ఎవరిది పైచేయో చెప్పేస్తుంది. చీవాట్లు పెట్టడం, అక్షింతలు వేయడం, క్లాస్ పీకడం, ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చేవి. పెద్దవాళ్లు పిల్లలకి, అధికారి కింది ఉద్యోగికి. కొడుకు తండ్రికి చీవాట్లు పెట్టాడని రాశావంటే ఆ ఇంట్లో పెత్తనం చేతులు మారిందని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. నీకు కావలసింది అదే అయితే ఆ ఒక్క మాటా ఒక పేజీ పని చేస్తుంది. కిందనున్నవాళ్లు పైవాళ్లని నిలదీస్తారు, ఓపిక నశిస్తే కడిగేస్తారు. చేతిలో ఇంకేమీ మిగలని మనిషి శాపనార్థాలు పెడతాడు. తాను చేయలేనిది దేవుడో కాలమో చేయాలని కోరుకోవడమే కదా శాపం. అందుకే బలవంతుడి నోట శాపనార్థాలు వినిపిస్తే అతని బలం తగ్గిపోయిందని అనిపిస్తుంది.

కోపంలో న్యాయం ఉందా లేదా అన్నదీ ఈ మాటల్లోనే ఉంటుంది. తూర్పారబట్టడం అంటే ధాన్యాన్ని గాలికి ఎత్తి పోసి పొల్లును వేరుచేయడం. ఆధారాలు చూపిస్తూ తప్పొప్పులు విడదీసి మాట్లాడిన మనిషికే ఆ మాట చెల్లుతుంది. ఊరికే అరిచినవాడికి దాన్ని ఇస్తే మంచి మాట వృథా అయినట్టే. నోరు పారేసుకున్నాడు అంటే నష్టం మాట్లాడినవాడికే అని కథకుడు తీర్పు చెప్పేసినట్టు. శివాలెత్తాడు అంటే ఆ క్షణంలో మనిషి తన వశంలో లేడు. తర్వాత అతను పశ్చాత్తాపపడితే పాఠకుడు నమ్ముతాడు. నువ్వు ఏ మాట ఎంచుకున్నావో దాన్నిబట్టి నీ మనసు ఎవరి వైపు ఉందో తెలిసిపోతుంది. తెలియకూడదనుకుంటే మాత్రం "అన్నాడు" చాలు.

నిడివి సంగతి కూడా చూసుకో. చెడామడా తిట్టడం ఒక్క ఊపులో అయిపోతుంది. ఏకరువు పెట్టడంలో కోపం తక్కువగా ఉండొచ్చు, జాబితా మాత్రం ఉండి తీరాలి. సాధింపుకి నెలలు కావాలి. నీ కథలో తల్లిది సాధింపు. దాన్ని నువ్వు ఒకే సీన్‌లో కుప్పపోశావు, అందుకే ఆవిడ గయ్యాళిలా కనిపిస్తోంది. అవే వాక్యాలను కథ పొడుగునా, అన్నం పెడుతూ ఒకటి, తలుపు వేస్తూ ఒకటి చొప్పున పంచి చూడు. ఆవిడ బాధ కనిపిస్తుంది.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. తిట్టడానికి మనవాళ్లు పూజగదిలోంచి, శుభకార్యాల్లోంచి ఎన్ని మాటలు తెచ్చుకున్నారో గమనించావా? అక్షింతలు, తలంటు, అష్టోత్తరం, దండకం. దండకం నిజానికి ఒక ఛందోరూపం, నాలుగు పాదాలకు ఆగకుండా గణాలు వరుసగా సాగిపోతూ ఉంటుంది. ఆ పొడుగు వల్లే కాబోలు, ఎడతెగని తిట్లకీ ఆ పేరు అంటుకుంది. ఇంగ్లీషులో ఎడతెగకుండా తిట్టిపోయడాన్ని టిరేడ్ అంటారు, ఆ మాటదీ ఇలాంటి కథే. ఫ్రెంచి నాటకాల్లో అది పాత్ర ఆపకుండా చెప్పే పెద్ద సంభాషణ, అందులో కోపం ఉండాలని లేదు. ఈ పూజ మాటలన్నిట్లో కొంచెం చనువూ కొంచెం నవ్వూ ఉంటాయి. నిజంగా మనసు విరిగిన చోట వీటిని వాడకు, బాధ పలచబడిపోతుంది.

ఇక ఆ ప్రసంగం ఎలా రాయాలన్నది. భారతంలో రాజసూయం దగ్గర శిశుపాలుడి మాటలు మళ్లీ చదువు. అందరికీ గుర్తుండేది తిట్లే, కానీ అతను మొదలుపెట్టింది వాదంతో. పెద్దవాడికి అగ్రపూజ అయితే వసుదేవుడున్నాడు, గురువుకైతే ద్రోణుడున్నాడు, ఋత్విక్కుకైతే వ్యాసుడున్నాడు, రాజు కూడా కాని కృష్ణుడికి ఎందుకు? అక్కడిదాకా సభలో కొందరైనా తల ఊపి ఉంటారు. వాదం జారి తిట్లలో పడ్డాక అతని పక్షాన మనం నిలబడలేం. నీ కుర్రాడి ప్రసంగంలోనూ ఆ జారే చోటు ఏదో నీకు తెలియాలి. ఇప్పుడు మొదటి వాక్యం నుంచే అరుస్తున్నాడు, ఇక పెరగడానికి చోటు లేదు. అదే భారతంలో ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న ఎంత చిన్నదో చూడు. ముందు తననా, నన్నా ఓడింది? దానికి భీష్ముడంతటివాడు తేల్చి సమాధానం చెప్పలేకపోయాడు. పేజీ నిండా కోపం రాసే ముందు, అది ఒక ప్రశ్నలో ఇముడుతుందేమో చూసుకో.

ముందే తయారుచేసుకున్న కోపం వేరు. రోమ్‌లో సిసిరో అనే వక్త క్రీ.పూ. 44, 43ల్లో తన రాజకీయ ప్రత్యర్థి ఆంటోనీ మీద 14 ప్రసంగాలు కూర్చాడు. అంతకు మూడొందల ఏళ్ల ముందు మాసిడోనియా రాజు ఫిలిప్ మీద గ్రీకు వక్త డెమోస్తనీస్ చేసిన ప్రసంగాలను తలచుకుని వాటికి ఫిలిప్పిక్‌లని పేరొచ్చింది. వాటిలో బాగా పేరున్న రెండోది సభలో పలకనేలేదు, రాతగానే జనంలోకి వెళ్లింది. ఆ కోపం నిజమే, కానీ చెక్కిన కోపం. నీ కుర్రాడి వాక్యాలూ అంత నున్నగా ఉన్నాయి. రాత్రంతా మనసులో వల్లించుకుని వచ్చాడంటే సరే, ఆ రాత్రిని చూపించు. లేదంటే మాటలు తడబడనీ, చెప్పిందే మళ్లీ చెప్పనీ, అసలు సంగతి వదిలేసి ఎప్పటిదో సైకిలు గొడవలోకి పోనీ.

చివరగా తిట్ల గురించి. మన తిట్లలో చాలావాటికి కులమో, వైధవ్యమో, అంగవైకల్యమో, ఆడపుట్టుకో మూలం. పాత్ర నోట అవి రావచ్చు. ఆ మనిషి అలాంటివాడైతే దాచడం అబద్ధమవుతుంది. కథకుడిగా నువ్వు చెప్పే వాక్యంలోకి మాత్రం వాటిని రానివ్వకు. "చాకిరేవు పెట్టాడు" లాంటి జాతీయాన్ని కూడా నేను నా కథనంలో వాడను. ఒకరి బతుకుతెరువు ఇంకొకరి అవమానానికి పేరు కావడం నాకు నచ్చదు. నీ నాలుగో పేజీలో తండ్రి కోడలిని అనే మాట అతనిదే, ఉంచు. కింది పేరాలో అదే మాటను నువ్వు సొంతంగా వాడావు, అది కొట్టేసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు