టెక్ సందేహాలు: ప్రింటులో పూడుకుపోయే సన్నగీతలు

సందేహం: పత్రిక కవర్‌కి బోడోనీ తరహా ఫాంటు (లావు గీతల పక్కన బాగా సన్నటి గీతలుండే అక్షరాలు) వాడాను. స్క్రీన్ మీద బాగుంది. ప్రింటులో మాత్రం నల్ల నేపథ్యం మీద తెల్లగా వేసిన ఉపశీర్షిక సన్నగీతలు పూడుకుపోయాయి. ఫాంటును ఓ ఉచిత సైటులో దించుకున్నాను, ఇన్‌స్టాలర్ అడిగితే అడ్మిన్ అనుమతి ఇచ్చాను.

జవాబు: అందరూ ప్రెస్సునే తిడతారు, చిక్కు మాత్రం ఫాంటులో ఉంది. డిస్‌ప్లే కట్‌లో, అంటే పెద్ద శీర్షికల కోసం గీసిన రూపంలో, సన్నగీత మందం అక్షర పరిమాణంలో నూరోవంతు అనుకుందాం. 72 పాయింట్లలో అది 0.72 పాయింటు, 18లో 0.18. నాలుగు రంగుల ఇంకులూ ఒకదానిపై ఒకటి వేసిన నలుపులో తెల్లగీత అర పాయింటైనా లేకపోతే, ప్లేటు పిసరంత జరిగినా ఇంకు లోపలికి వచ్చేస్తుంది. నేపథ్యాన్ని ఒక్క నల్ల ఇంకుతోనే వేయించండి. అక్షరం చుట్టూ గీత (స్ట్రోక్) కలిపి లావు చేయొద్దు, సెరిఫ్‌ల (అక్షరం కొసల్లో ఉండే చిన్న గీతల) అంచులు మొద్దుబారతాయి.

అసలు మందు ఆప్టికల్ సైజ్, అంటే వేసే పరిమాణానికి తగ్గట్టు గీసిన అక్షర రూపం; చిన్న సైజుకు సన్నగీతలు లావుగా ఉంటాయి. 1991లో ఫాంట్ల రూపకర్త జోనాథన్ హోఫ్లర్ 'హార్పర్స్ బజార్' ఫ్యాషన్ పత్రిక కోసం చేసిన డిడో అనే ఇదే తరహా ఫాంటుకి ఏడు సైజులకు ఏడు వేర్వేరు రూపాలు గీశాడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బోడోనీ మోడా ఫాంటులో ఈ సైజును మార్చుకునే సెట్టింగు (ఆప్టికల్ అక్షం) 6 నుంచి 96 దాకా ఉంది. ఉపశీర్షికకు 11 పెట్టి చూడండి. వెబ్‌లో ఫాంటు లింకులో ఆప్టికల్ అక్షాన్ని అడగకపోతే బ్రౌజర్ దానంతటది సర్దదు. బోడోనీ మోడాలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి తెలుగు శీర్షికకు వేరే ఫాంటు ఎలాగూ ఎంచుకోవాలి.

ఇక ఆ అడ్మిన్ అనుమతి. ప్రింటు పాడైతే మళ్లీ వేయించవచ్చు, ఇది అలాంటిది కాదు. ఫాంటుకు ఇన్‌స్టాలరే అక్కర్లేదు. జిప్ విప్పితే టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ అనే ఫాంటు ఫైలు ఉండాలి. ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, జేఎస్ లాంటి ప్రోగ్రాం ఫైళ్లు కనిపిస్తే తెరవకుండా తీసేయండి. 2017లో 'హోఫ్లర్‌టెక్స్ట్ ఫాంటు దొరకలేదు' అంటూ క్రోమ్ సందేశంలా కనిపించే పాపప్‌తో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) అంటించారు. నిజానికి వెబ్‌పేజీ తనకు కావలసిన ఫాంటును తానే తెచ్చుకుంటుంది, మిమ్మల్ని దించుకోమనదు. అసలైన ఫాంటు ఫైలును కూడా గుడ్డిగా నమ్మలేం. 2011లో డుకు మాల్‌వేర్ వర్డ్ ఫైల్లో పొదిగిన ట్రూటైప్ (టీటీఎఫ్) ఫాంటుతో విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకే దూరింది. అప్‌డేట్లు వాయిదా వేసే డీటీపీ సిస్టమ్‌లను చూస్తే నాకు భయం అందుకే.

మీరు ఇప్పుడే నెట్ తీసేయండి. ఇంకో పరికరం నుంచి మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. విండోస్ మొదలవకముందే జరిగే ఆఫ్‌లైన్ వైరస్ స్కాన్ నడపండి. అడ్మిన్ హక్కులు ఇచ్చారు కాబట్టి స్కాన్ శుభ్రమన్నా, పని ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని సిస్టమ్‌ను ఫార్మాట్ చేయడమే మేలు.

విండోస్‌లో ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను (ఫైలు రకం చెప్పే అక్షరాలను) డిఫాల్ట్‌గా దాచే తెలివి ఎవరికి పుట్టిందో గానీ, ఈఎక్స్‌ఈని ఫాంటుగా నమ్మించడానికి దొంగలకు అంతకంటే సాయం అక్కర్లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని కనిపించేలా పెట్టుకోండి.