శ్రీకాకుళం నుంచి రెండు రోజుల్లో ఒడిశాలోని చిలికా సరస్సు చూసి రావచ్చా? శనివారం డాల్ఫిన్లు, ఆదివారం పక్షులు అనుకుంటున్నాం, నలబణ దీవి కూడా కుదురుతుందా? డాల్ఫిన్లు కనిపిస్తాయా?

చూసి రావచ్చు. కానీ మీరు రాసినట్టు శనివారం డాల్ఫిన్లు, ఆదివారం పక్షులు అని ప్లాన్ వేసుకుంటే రెండు రోజులూ కారులోనే గడిచిపోతాయి. నేను నాలుగుసార్లు వెళ్లాను, మొదటిసారి చేతులారా పాడుచేసుకున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఆ మొదటిసారి సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం. మనకి సంక్రాంతైతే ఒడిశావాళ్లకి మకర మేళా అని, సరస్సు మధ్యలో దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి గుడికి జనం విరగబడి వస్తారని ఎవరికి తెలుసు? పెళ్లయి అత్తారింటికి పడవలో వెళ్తూ గాలివానకి మునిగిపోయిన పిల్లే ఈ అమ్మవారని అక్కడ చెప్పుకుంటారు. సరస్సు ఒడ్డున పడవలెక్కే బర్కుల్‌లో ఎండలో పడవ కోసం గంటన్నర నిలబడ్డాం, తీరా ఎక్కితే ఇంజను మోతకి ఒక్క పిట్ట కూడా దగ్గర్లో నిలబడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఇంజను ఫ్యానుకి నాచు చుట్టుకుని పడవ ఆగిపోయింది. మా ఆవిడ దేవుళ్లందరికీ దండం పెట్టేస్తోంది, ఆ పడవ కుర్రాడేమో నింపాదిగా నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. నీళ్లు నడుం దాకానే ఉన్నాయి! నాచు పీకేసి, చేత్తో నెట్టుకుంటూ కాస్త దూరం తీసుకొచ్చాడు.

చిలికా అంటే సముద్రమంత ఉంటుంది, లోతు మాత్రం చాలాచోట్ల అంత తక్కువే. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది, ఎండాకాలానికి 900 దగ్గరికి తగ్గుతుంది. ఉత్తరం వైపు నుంచి మహానది పాయలు దయా, భార్గవి మంచినీళ్లూ ఒండ్రూ తెస్తాయి, తూర్పున సముద్రం ఉప్పునీళ్లు తోస్తుంది. ఒండ్రు మేటవేసి, సరస్సు సముద్రంలో కలిసే నోరు మూసుకుపోతుంటే ఉప్పు తగ్గి, నాచు పెరిగి, చేపలు తగ్గిపోయాయి. 1981లోనే రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాకెక్కిన సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త నోరు తవ్వాక కోలుకుంది, 2002లో ఆ పట్టికలోంచి తీశారు. ఇదంతా మీకెందుకంటే, ఏ వైపు వెళ్తారన్నదాన్ని బట్టే మీకేం కనిపిస్తుందన్నది ఉంటుంది. డాల్ఫిన్లు ఎక్కువగా సముద్రపు నోటి దగ్గర, సాతపడా వైపు ఉంటాయి. అది పూరీ నుంచి 50 కిలోమీటర్లు, మనకి సరస్సు అవతలి ఒడ్డు. పైగా ఇవి ఐరావతి డాల్ఫిన్లు, ముక్కు పొడుగ్గా ఉండదు, టీవీలో చూసినట్టు ఎగిరి గంతులేయవు, ఓ నల్లటి వీపు పైకి లేచి మునుగుతుంది, అంతే. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అలుగుతారు.

మన వైపు నుంచి రెండు రోజులకి సరిపోయేది సరస్సు ఒడ్డునున్న బాలుగావ్, పక్షులు చూడ్డానికి మంగళజోడి అనే ఊరు. ఆమదాలవలసలో రైలెక్కితే బాలుగావ్ 200 కిలోమీటర్ల పైనే, బాలుగావ్‌లో ఆగే బండేదో చూసుకుని ఎక్కండి. ఇచ్ఛాపురం, బరంపురం దాటాక రంభ దగ్గర్నుంచి కుడివైపు కిటికీ వదలొద్దు, పట్టాల పక్కనే సరస్సు కనిపిస్తుంది. ఆ రాత్రి బాలుగావ్‌లోనో బర్కుల్‌లోనో పడుకుని, తెల్లారుజామున ఆటో మాట్లాడుకుని మంగళజోడి వెళ్లండి. 30 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి ముందు రాత్రే మాట్లాడేసుకోండి, ఆ వేళప్పుడు రోడ్డు మీద దొరకవు.

మంగళజోడిలో ఇంజను పడవలు ఉండవు. వెదురు గెడతో తోసే నాటు పడవలే, మనిషి పొడుగు జమ్ము మధ్యలోంచి ఇరుకు కాలువల్లో పోతుంది. మా పడవ నడిపినాయన ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మినవాడే. ఆ ఊళ్లో చాలామందికి అప్పట్లో అదే బతుకుతెరువు. 2000 ప్రాంతం నుంచి మెల్లగా వేట మానేసి కాపలాకి, పడవలకి మారారు. వేటగాడి కన్ను కదా, నాకు గడ్డి తప్ప ఏమీ కనపడని చోట ఆయన మూడు రకాలు చూపించాడు. సూదితోక బాతులు, ఊదారంగు నీటికోళ్లు, పొడుగు ముక్కు గాడ్విట్లు మనకి పది, పదిహేను అడుగుల్లోనే మేస్తుంటాయి. గాడ్విట్ల గుంపు ఒక్కసారిగా లేస్తే దుప్పటి దులిపినట్టు చప్పుడవుతుంది. మా అబ్బాయి ఫోను తీయడం కూడా మర్చిపోయాడు. (నాకు తెలిసి వాడి జీవితంలో అదే మొదటిసారి.)

డిసెంబరు, జనవరి మంచి టైము, మార్చికల్లా వలస పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి. పొద్దున్నే ఆరున్నరకల్లా పడవలో ఉండాలి. మంచు పడితే అరగంట ఏమీ కనపడదు, కంగారు పడి వెనక్కి తిప్పమనకండి. ఎర్రచొక్కాలు, పాటలు, చిప్స్ ప్యాకెట్లు వద్దు. బైనాక్యులర్ అరువు తెచ్చుకునైనా పట్టుకెళ్లండి.

నలబణ దీవి గురించి కూడా అడిగారు. 1987 నుంచి అది పక్షుల అభయారణ్యం, వానాకాలంలో నీళ్ల కింద మునిగి చలికాలంలో తేలుతుంది. మమ్మల్ని దిగనివ్వలేదు, దూరం నుంచే చూశాం. చిన్నపిల్లలుంటే ఆ ఎండలో అంతసేపు పడవ ప్రయాణం నేనైతే పెట్టుకోను. దానికన్నా బాలుగావ్‌లో మధ్యాహ్నం పీతల కూర తినడం మేలు, కాకపోతే రేటు ముందే అడగండి, బరువు మీ కళ్లముందే తూయించుకోండి. భాష సమస్య కూడా పెద్దగా ఉండదు. ఆ తీరమంతా తెలుగు మాట్లాడే జాలర్లున్నారు, నోలియాలంటారు.

తిరుగు ప్రయాణంలో ఓపికుంటే నౌపడలో దిగి తేలినీలాపురం చూసేయండి, అది మన జిల్లాలోదే, టెక్కలి పక్కన. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి రాని ఏడు ఊరికి కలిసిరాదని అక్కడివాళ్ల నమ్మకం. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా వైపువే, సైబీరియా మొహం చూసి ఉండవు.

డాల్ఫిన్లని పూరీ వెళ్లినప్పుడు చూసుకోండి. జగన్నాథుడికి ఒక రోజు, సాతపడాకి ఒక రోజు అని పెట్టుకుంటే సరిపోతుంది.