లావాను ఏ గిన్నెలో కొలుస్తారు?

ప్రశ్న: మా ఊరు పంగిడి క్వారీలకు దగ్గర. ఇక్కడ క్రషర్లకు పోయే నల్లరాయి ఒకప్పటి లావా అని మా అబ్బాయి చెబుతున్నాడు. లావాలో ఎంత వేడి ఉందో ఎలా కొలుస్తారు? రాయినే కరిగించే వేడికి గిన్నె కరగదా? ఇంట్లో చేసి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరపల్లి

జవాబు: కరగదండీ, ఆ గిన్నె ప్లాటినంది. దాన్ని మూస అంటారు. మీ నల్లరాయి, అంటే బసాల్టు, 1200 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. ప్లాటినం 1768 దాకా తట్టుకుంటుంది. కరగదు గానీ పాడవుతుంది. బసాల్టులోని ఇనుము మెల్లగా ప్లాటినంలోకి దిగుతుంది. చదువుకునే రోజుల్లో ఒక మూసను రాత్రంతా కొలిమిలో వదిలేశాను. పొద్దున శుభ్రం చేసి తూచితే బరువు పెరిగింది! మా గైడుగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కొలత సంగతికొస్తే, 1780ల్లోనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోజియే, లాప్లాస్ దారి చూపారు. వేడి వస్తువును మంచు మధ్య పెట్టి, ఎంత మంచు కరిగిందో చూడటమే. గ్రాము మంచు కరగాలంటే 334 జౌల్స్ వేడి కావాలి (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). కొలిమిలోంచి లావా ఉన్న మూసను తిన్నగా మంచు చుట్టిన గొట్టంలోకి జారవిడిస్తే, గ్రాము లావా నాలుగు గ్రాములకు పైగా మంచును నీరు చేసేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పంచదార పాకాన్ని చల్లటి పళ్లెంలో పోస్తే గాజులా బిగుసుకుంటుంది. తీరిగ్గా దారం చుట్టూ పేరుకోనిస్తే పటికబెల్లం అవుతుంది. లావా కూడా అంతే. మంచులో పడ్డది స్ఫటికం కట్టే తీరిక లేక గాజైపోతుంది, ఇవ్వాల్సిన వేడిలో కొంత తనలోనే దాచుకుంటుంది. మంచు చెప్పే లెక్కలో ఆ దాచిన వాటా రాదు.

దాన్ని బయటపెట్టడానికి గాజునూ, అదే దినుసుల స్ఫటికాన్నీ విడివిడిగా పొడిచేసి, 700 డిగ్రీల దగ్గర కరిగివున్న లెడ్ బోరేట్ అనే సీసపు సమ్మేళనంలో వేస్తారు. చిటికెడు కూడా అక్కర్లేదు, కొన్ని మిల్లీగ్రాములు చాలు. రెండూ చివరికి ఒకే ద్రావణం అవుతాయి. స్ఫటికం ఎక్కువ వేడి పీల్చుకుంటుంది, దాచుకున్న వేడి ముందే ఉంది కాబట్టి గాజు తక్కువ. ఆ తేడాయే దాచిన వాటా. బసాల్టులో ఉండే పైరాక్సీన్ల జాతికి చెందిన డయాప్సైడ్ అనే ఖనిజం 1391 డిగ్రీల దగ్గర కరగడానికి గ్రాముకు సుమారు 640 జౌల్స్ తీసుకుంటుందని ఇలాంటి కొలతలన్నీ కలిపితేనే తేలింది. మంచుకు దాదాపు రెట్టింపు!

ఇంట్లో లావా వద్దు, మరిగే నీళ్లు చాలు. వంద గ్రాముల నల్లరాయిని పావుగంట మరిగించి, తుడిచి, థర్మాస్ ఫ్లాస్కులో 30 డిగ్రీల నీళ్లు వంద మిల్లీలీటర్లు పోసి అందులో వేయండి. నీళ్లు 41, 42 దగ్గర ఆగుతాయి. రాయిని మాత్రం పటకారుతో మెల్లగా దించండి, ఫ్లాస్కు లోపలిది గాజు.