టెక్ సందేహాలు: శుభలేఖలు క్లౌడ్‌కి, ఆధార్ స్కాన్‌లు చెత్తబుట్టకి

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు డీటీపీ షాపు ఉంది. తెలుగు, ఒడియా శుభలేఖలు, పాంప్లెట్లు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. కంప్యూటర్లో 600 జీబీ నిండింది. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఏవి దాచాలి, ఏవి వదిలేయాలి?

జవాబు: 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను, వరదలు చూసిన గజపతి జిల్లా వాళ్లకి బ్యాకప్ ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఒక్కో ఫోల్డర్ తెరిచి, ‘ఇది పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా?’ అని చూసుకోండి. సినిమాలు, పాటలు, సెటప్ ఫైళ్లు దొరుకుతాయి, వదిలేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టుకున్నా లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. 600లో సగం ఇలాంటివే ఉంటాయని నా అనుమానం.

మళ్లీ దొరకనివి మీరు కూర్చుని చేసినవి. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్లు ఎలాగూ దాస్తారు. చాలామంది మర్చిపోయేది ఫాంట్లు. అను, ఆకృతి లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందుకే వాడే ఫాంట్లన్నీ ఒక ఫోల్డర్లో వేసి దాన్నీ క్లౌడ్‌కి (గూగుల్ డ్రైవ్ లాంటి ఆన్‌లైన్ స్టోరేజీకి) పంపండి. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మల్ని ఫైల్లో పెట్టుకోకుండా బయటి నుంచి లింకు చేసి ఉండొచ్చు, కాబట్టి ఆ బొమ్మలూ వెంట వెళ్లాలి. పూర్తయిన ప్రతి పనికీ ఒక పీడీఎఫ్ తీసి పెడితే, కనీసం ప్రింటు కొట్టుకోవడానికైనా ఉంటుంది.

కస్టమర్ల ఆధార్, మార్కుల మెమో స్కాన్‌లు మాత్రం క్లౌడ్‌లో పెట్టకండి. పని అయ్యాక కంప్యూటర్లో కూడా ఉంచొద్దు. అవి మీ ఆస్తి కాదు.

ఇంకో మెలిక. విండోస్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్) బ్యాకప్ అడిగేది ముఖ్యంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ గురించి. షాపుల్లో పనంతా డి డ్రైవ్‌లో ఉంటుంది, అది అలాగే మిగిలిపోతుంది. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లోనైతే డి డ్రైవ్ ఫోల్డర్‌ను మీరే ఎంచుకోవచ్చు. అయితే అది సింక్: ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. అందుకే వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకీ కాపీ చేసి, తీసి పక్కన పెట్టండి.

ఆ 15 జీబీలో జీమెయిల్, గూగుల్ ఫొటోలు, ఫోన్లోని వాట్సాప్ బ్యాకప్ కూడా వాటా తీసుకుంటాయి. షాపుకి వేరే జీమెయిల్ పెట్టుకుంటే ఈ గొడవ లేదు. అప్‌లోడ్ స్పీడు 2 ఎంబీపీఎస్ అయితే 15 జీబీ ఎక్కడానికి దాదాపు 17 గంటలు. షాపు కట్టేసే ముందు మొదలుపెట్టండి.

ప్రశ్న: రాయగడలో మా కిరాణా హోల్‌సేల్ లెక్కలు టాలీప్రైమ్‌లో ఉన్నాయి. డాక్యుమెంట్స్ మొత్తం క్లౌడ్‌లో ఉంది. చాలదా?

జవాబు: చాలదు. మీరు మార్చకపోతే టాలీప్రైమ్ డేటా సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది, డాక్యుమెంట్స్‌లో కాదు. టాలీలోనే డేటా మెనూలో బ్యాకప్ నొక్కి, ఆ కాపీని డాక్యుమెంట్స్‌లో పడేలా పెట్టండి. నెలకోసారి దాన్ని ఇంకో కంప్యూటర్లో రిస్టోర్ చేసి, నిన్నటి బిల్లు కనిపిస్తోందో లేదో చూసుకోండి.