మా కాలంలో ఈ డిప్రెషన్లు లేవా? హాస్టల్ వార్డెన్‌గా చూసింది చెబుతాను

ప్రశ్న అడిగినవారిది కడప. ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు నెల రోజులుగా రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, అన్నం సరిగా తినడం లేదని, ఏమైందంటే ఏడుస్తుందని రాశారు. "మా కాలంలో మేమూ చదువుకున్నాం, దెబ్బలూ తిన్నాం. అప్పుడు లేని ఈ డిప్రెషన్లు ఇప్పుడెక్కడివి? ఇప్పటి పిల్లలే మెత్తబడిపోయారా?" అన్నది ఆయన ప్రశ్న.

నేను అనంతపురం జిల్లాలో ప్రభుత్వ బాలికల హాస్టళ్లలో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు మా దగ్గర ఉండేవాళ్లు. తొంభైల్లో చేరిన పిల్లల్నీ చూశాను, వాళ్ల కూతుళ్లనీ చూశాను. మీ కాలంలోనూ ఈ బాధలు ఉన్నాయండి. బాధపడిన పిల్లలు మీ పక్క బెంచీలో మిగల్లేదు, అందుకే మీకు కనపడలేదు.

హాజరు రిజిస్టర్‌లో మేం "లాంగ్ ఆబ్సెంట్" అని రాసేవాళ్లం. పండక్కి ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాదు. కొన్నాళ్లు చూస్తాం, ఇంటికి కార్డు రాస్తాం. జవాబు లేకపోతే ఎర్ర ఇంకుతో ఆ మాట రాసి, పేరు కొట్టేసి, సీటు ఇంకో పిల్లకు ఇస్తాం. ఎందుకు రాలేదో రాయడానికి అందులో గడి ఉండదు. కనుక్కుంటే, వానల్లేక ఇంటిల్లిపాదీ బెంగళూరు పనులకు పోయుండేవాళ్లు, లేదా పిల్లకు పెళ్లి చేసేసుండేవాళ్లు. కానీ కొందరు పిల్లల సంగతి వేరు. సెలవులకు చాలా ముందు నుంచే వాళ్లు ఎవరితోనూ కలిసేవాళ్లు కాదు. పళ్లెంలో అన్నం అట్లే ఉండేది. తెల్లవారుజామున మూడింటికే లేచి ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉండేవాళ్లు. అలాంటి పిల్లను "దీనికి చదువు అచ్చిరాలేదు" అని ఇంట్లో గొర్రెల వెంట పంపేవాళ్లు, లేకపోతే పెళ్లయితే అదే సర్దుకుంటుందని సంబంధం చూసేవాళ్లు. బడి మానేసిన పిల్లల లెక్కలో ఒకటి పెరిగేది. జబ్బు పడ్డ పిల్ల అని మాత్రం ఎక్కడా పడేది కాదు.

ఎనిమిదో తరగతి పాప ఒకతె ఎప్పుడూ గుర్తొస్తుంది. సోమవారం వస్తే కడుపునొప్పి. ఆసుపత్రిలో చూసి ఏమీ లేదు పొమ్మన్నారు. ఒక సాయంత్రం ప్రార్థన దగ్గర పళ్లు బిగబట్టుకుని పడిపోయింది. కాసేపటికి ఆ వరుసలోనే ఇంకో ఇద్దరు ముగ్గురు పడిపోయారు. వంటామె నిమ్మకాయలు తెచ్చింది, ఊరంతా గేటు దగ్గరికొచ్చింది. మరుసటి రోజు వాళ్ల నాయన వచ్చి, "గాలి సోకిండాది మేడం. దర్గాలో తాయెత్తు కట్టిస్తే సరిపోతాది" అని తీసుకుపోయాడు. బిడ్డ చెయ్యి ఒక్క క్షణం వదల్లేదు ఆయన. ఆయనకు తెలిసిన వైద్యం అదే, నేనేమీ అనను. ఆ పాప మళ్లీ రాలేదు. మేనమామకిచ్చి చేయడానికి అప్పటికే ఇంట్లో మాటలు నడుస్తున్నాయని తోటి పిల్లలు తర్వాత చెప్పారు.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నన్ను కలచివేసేది ఇంకొకటుంది. 1980లలోనే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ డాక్టర్లు మాకు ఆనుకునే ఉన్న బళ్లారి జిల్లాలో పల్లె ఆసుపత్రుల్లోనే మనసు జబ్బులకు వైద్యం చేసే పద్ధతి మొదలుపెట్టి చూశారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. రాయదుర్గంలో బస్సెక్కితే బళ్లారి ఎంత దూరం? ఆ మాట మా పిల్లల ఇళ్ల దాకా రాలేదు.

తర్వాత రోజులు మారాయి. 2004లో కస్తూర్బా బాలికల విద్యాలయాల పథకం వచ్చింది, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పదితో ఆగిపోవాల్సిన పిల్లలు ఇంటర్‌కు, డిగ్రీకి వచ్చారు. యంగ్ లైవ్స్ అని ఒక పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల్ని వెంబడించి చూస్తోంది. అందులో అనంతపురం, కడప జిల్లాల పిల్లలూ ఉన్నారు. 1994-95లో పుట్టినవాళ్ల కన్నా 2001-02లో పుట్టినవాళ్లు ఎక్కువమంది బడిలో నిలిచారని అందులో తేలింది. మా రిజిస్టర్లూ అదే చెప్పాయి. అంటే ఒకప్పుడు గొర్రెల వెంట పోయిన పిల్ల ఈరోజు ఇంటర్ క్లాసులో కూర్చుని ఉంది. ఆమె బాధ ఇప్పుడు లెక్చరర్ కంటా మీ కంటా పడుతోంది.

పేపర్లలో వచ్చే అంకెల్ని కూడా ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 2012లో 6,654 మంది, 2022లో 13,044 మంది. గుండె ఆగిపోయే అంకె అది. అయితే ఆ సంస్థ చనిపోయినవాళ్లను వృత్తి ప్రకారం లెక్కిస్తుంది. పదహారేళ్లకే పెళ్లయిన పిల్ల చనిపోతే ఆ లెక్క గృహిణుల వరుసలోకి పోతుంది, కూలికి పోయే పిల్లయితే కూలీల వరుసలోకి. విద్యార్థుల వరుస పెరగడంలో చదువుకునేవాళ్లు పెరగడం కూడా కొంత ఉంది.

అట్లని కొత్త బరువులేమీ లేవని నేననను. కొన్ని నా కళ్లముందే వచ్చాయి. అన్నిటికన్నా పెద్దది మార్కుల సంగతి. ఒకప్పుడు ఇంటర్ ఫలితాలు పేపర్లో హాల్‌టికెట్ నంబర్లుగా వచ్చేవి. వీధిలో సగం మంది తప్పేవాళ్లు, అందరూ కలిసి సప్లిమెంటరీకి కట్టేవాళ్లు. ఇప్పుడు వెయ్యికి తొమ్మిది వందలు దాటిన పిల్ల కూడా ముఖం చాటేస్తోంది. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పదికి ఇంకో స్టడీ అవర్, వారం వారం టెస్టు, ఆ ర్యాంకు అమ్మానాన్నల ఫోనుకు. పదహారేళ్ల పిల్లకు ఒక వారం చెడిపోతే దాచుకునే చోటు లేదు. ఇంక నిద్ర. 2016లో జియో వచ్చాక దుప్పట్లో ఫోను వెలగడం మొదలైంది. నేను హాస్టల్లో ముందుగా గమనించింది ఎర్రబడ్డ కళ్లనే. కరోనా మూసివేతల తర్వాత తిరిగొచ్చిన పిల్లల్లో కొందరు నలుగురితో కూర్చుని తినడానికే ఇబ్బంది పడ్డారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో మానసిక సమస్యలున్నవాళ్లు 7.3 శాతం. పల్లెల్లో 6.9 ఉంటే మహానగరాల్లో 13.5. మన రాష్ట్రం ఆ సర్వేలో లేదు, కానీ నగరం బతుకు మన కాలేజీల్లోకి ఎంత వచ్చిందో మీరే చూస్తున్నారు.

ఇక మీ పాప గురించి. నిద్ర, తిండి, ఏడుపు, ఈ మూడూ నెలగా ఉన్నాయంటే అది మెత్తదనం కాదు, డాక్టర్‌కు చూపించాల్సిన సంగతి. మీ కడప ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంది. ఓపీ చీటీ రాయించుకోవడానికి మొహమాటపడకండి. పోయేలోపు ఎప్పుడైనా 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది, ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

పాపను ఒంటరిగా కూర్చోబెట్టుకుని "చచ్చిపోవాలనిపిస్తోందామ్మా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు, అలా జరగదు. అవునంటే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. పోలీసు కేసు అవుతుందని కొందరు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలి, శిక్షించకూడదు.

మందులు రాస్తే గుణం కనపడటానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు రోజులకే పని చేయలేదని మానేయకండి, తగ్గగానే మీరే ఆపేయకండి. ఫోను రాత్రి మీ గదిలో పెట్టుకోండి, మీ ఫోను కూడా దానితోపాటే పెట్టండి. కాలేజీలో ప్రిన్సిపాల్‌ను కలిసి కొన్నాళ్లు రాత్రి స్టడీ అవర్, వారం టెస్టులు వద్దని అడగండి. హాస్టల్లో ఉంటే డే స్కాలర్‌గా మార్చమనండి. పరీక్షలు దగ్గరపడ్డాయి, అవయ్యాక చూద్దాం అని మాత్రం ఆగకండి. ఒకటి రెండు పేపర్లు పోతే సప్లిమెంటరీ ఉంది, అది పాసైన పిల్లలు ఆ ఏడాదే డిగ్రీలో చేరుతున్నారు.